పిల్లల పక్కన కూర్చోబెట్టి నేర్పండి: స్పెషల్ ఎడ్యుకేషన్ శిక్షణ చూసే అధికారులకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లో పాఠశాల విద్య, దివ్యాంగుల సంక్షేమం, వైద్య ఆరోగ్యం చూసే అధికారులకు, పునరావాస కోర్సులకు అనుమతులిచ్చే పెద్దలకు, ఆ కోర్సులు నడిపే కళాశాలల యాజమాన్యాలకు,

నమస్కారం.

నేను ఉమ్మడి ప్రకాశం జిల్లాలో ఒక మండలంలోని భవిత సెంటర్లో, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రంలో, పనిచేస్తున్న స్పెషల్ ఎడ్యుకేటర్‌ని (ఆ పిల్లలకి నేర్పే టీచర్ని). ఇంటర్ తర్వాత బుద్ధిమాంద్యం విభాగంలో రెండేళ్ల డిప్లొమా చేశాను. పేరు రాయడం లేదు, కాంట్రాక్టు ఉద్యోగం, ఎందుకు రాయడం లేదో మీకు విడిగా చెప్పక్కర్లేదు. ఈ లేఖలో ఉన్న సంగతులు నాలాంటి కొందరం కలిసి వినతిపత్రంగా రాసి ఇదివరకే ఇచ్చాం. తీసుకున్నట్టు స్టాంపు వేసి ఇచ్చారు. ఆ స్టాంపు తప్ప ఇంకేమీ రాలేదు కాబట్టి ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందు మంచి సంగతి. ఇన్నాళ్లకు పోస్టులు వచ్చాయి. రజనీశ్ కుమార్ పాండే కేసులో 2021 అక్టోబరు 28న సుప్రీంకోర్టు స్పెషల్ ఎడ్యుకేటర్ల పోస్టులు సృష్టించి భర్తీ చేయమంది. 2022లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది: ఒకటి నుంచి ఐదో తరగతి వరకు పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ఆరు నుంచి ఎనిమిది వరకు పదిహేనుమందికి ఒకరు ఉండాలని. 2024లో తెలంగాణ డీఎస్సీలో స్పెషల్ ఎడ్యుకేషన్‌కి 796 ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్), 220 స్కూల్ అసిస్టెంట్ పోస్టులు పెట్టారు. 2025 మార్చిలో సుప్రీంకోర్టు మళ్లీ కలుగజేసుకుని, పోస్టుల సంఖ్య ప్రకటించమని అన్ని రాష్ట్రాలకూ గడువు పెట్టింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ 2,260 పోస్టులు మంజూరు చేసింది. సంతోషం. ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లకి దండం పెట్టాలి.

ఇక నా గొడవ. ఈ పోస్టుల్లో ఇప్పుడు చేరేవాళ్లు దాదాపు ముప్పై ఏళ్లు ఆ కుర్చీల్లో ఉంటారు. వాళ్లని ఎలా తయారుచేస్తున్నాం అన్న ప్రశ్న ఇప్పుడు అడక్కపోతే ఇంకెప్పుడూ అడగలేం. పోస్టులు పడ్డాయని తెలిసి కోర్సులో చేరేవాళ్లు పెరుగుతున్నారు. చేరనివ్వండి, ఉద్యోగం కోసం చదవడంలో తప్పేం ఉంది? కానీ మాలాంటివాళ్లని నమోదు చేసే భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) చట్టం 1992లో వచ్చింది, ఆ మండలి రిజిస్టర్లో పేరు లేకుండా ఈ పని చేస్తే ఏడాది దాకా జైలో, వెయ్యి రూపాయల దాకా జరిమానానో, రెండూనో పడొచ్చు. చట్టం అంత గట్టిగా ఉంది. రిజిస్టర్లో పేరెక్కిన మనిషికి ఒక పిల్లవాడి పక్కన కూర్చుని పని నేర్పడం వచ్చో రాదో చూసేవాళ్లు మాత్రం ఎక్కడా కనపడరు.

విషయాలు వరసగా చెప్తాను.

1. ప్రాక్టికల్స్ కాగితం మీద జరుగుతున్నాయి.

ఇది చాలా పెద్ద సంగతి, కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను. ఈ ఉద్యోగం ఏంటో తెలియనివాళ్లకి ఒక్క పని చెప్తే అర్థమవుతుంది: పదేళ్ల పిల్లవాడికి చొక్కా తొడుక్కోవడం నేర్పడం. మామూలు పిల్లలు చూసి నేర్చుకుంటారు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లవాడికి ఆ ఒక్క పనిని పది పన్నెండు మెట్లుగా విడగొట్టాలి. చొక్కా పట్టుకోవడం, కాలరు ఎటుందో చూసుకోవడం, కుడిచెయ్యి దూర్చడం, వెనక నుంచి లాగడం, ఎడమచెయ్యి, అంచులు కలపడం, బొత్తాం. చాలామంది పిల్లలకి చివరి మెట్టు నుంచి వెనక్కి నేర్పితే బాగా వస్తుంది. అంటే అన్నీ మనమే చేసి, ఆఖరి బొత్తాం సగం కన్నంలోకి దూర్చి వదిలేస్తే వాడు లాగుతాడు, 'నేనే వేసుకున్నా' అన్న సంతోషం మొదటిరోజే దొరుకుతుంది. అది కుదిరాక పైబొత్తాం, ఆ తర్వాత దానికి ముందు మెట్టు. ఎక్కడ చెయ్యి పట్టుకుని చేయించాలి, ఎక్కడ మోచేతిని తాకి వదిలేయాలి, ఎప్పుడు నోటిమాటతో సరిపెట్టాలి, ఎప్పుడు నోరు మూసుకుని ఊరుకోవాలి? ఇదంతా చేతికి అబ్బాల్సిన విద్య. నెలలు పడుతుంది. నేర్చుకునేవాడికీ, నేర్పేవాళ్లకీ.

దీనికి కావాల్సిన సరంజామా మన దగ్గరే పుట్టింది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి బుద్ధిమాంద్యం మీద పనిచేసే జాతీయ సంస్థ ఉంది, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నాం. పిల్లవాడికి ఏ పని ఎంతవరకు వచ్చో చూసే ఎఫ్‌ఏసీపీ చెక్‌లిస్టు అక్కడిదే, ప్రవర్తన సమస్యల్ని కొలిచే బేసిక్-ఎంఆర్ కూడా అక్కడిదే. దేశమంతా వాడుతోంది. అయినా మన కళాశాలల్లో చాలాచోట్ల జరుగుతున్నది ఇదీ: బ్యాచ్‌లో ఉన్నంతమందికి సరిపడా పిల్లలు ప్రాక్టీసు స్కూల్లో ఉండరు, ఒక్కో పిల్లవాడి చుట్టూ ఐదారుగురు ట్రైనీలు నిలబడతారు, వాడు బెదిరిపోయి ఏడుస్తాడు, 'ఇవాళ్టికి అబ్జర్వేషన్ రాసుకోండి' అంటారు. ఆ తర్వాత సీనియర్ బ్యాచ్ రికార్డులు తెచ్చుకుని, పేరు, వయసు మార్చి రాసుకోవడం. వ్యక్తిగత విద్యా ప్రణాళిక అంటే ఆ ఒక్క పిల్లవాడి కోసం వేసేది, అవునా? నేను చూసిన రికార్డుల్లో ఒకే లక్ష్యం, 'మూడు నెలల్లో ఐదు రంగులు గుర్తించును' అని, పేజీలకి పేజీలు వేర్వేరు పేర్ల కింద ఉంది. రాసిపెట్టేవాళ్లు కూడా దొరుకుతారు, డ్రాయింగుతో సహా. ఈత గురించి పుస్తకంలో చదివినవాడిని చెరువు గట్టున కాపలా పెట్టినట్టుంది మన పద్ధతి.

దీని ఫలితం ఎవరి మీద పడుతోందో చూడండి. మా సెంటర్‌కి వచ్చే తల్లులు చాలామంది కూలి పనికి వెళ్లేవాళ్లు. పిల్లవాడిని ఆటోలో తీసుకొస్తే ఆరోజు కూలి పోయినట్టే. అలా వచ్చిన పిల్లవాడు రెండేళ్లు, మూడేళ్లు పూసలు గుచ్చుతూ, రంగు ఉంగరాలు కడ్డీకి తగిలిస్తూ గడిపేస్తాడు, ఎందుకంటే టీచరుకి తెలిసింది అదే. ఇంట్లో చూస్తే బహిర్భూమికి వెళ్లాలని చెప్పడం రాదు, కడుక్కోవడం రాదు, అన్నం కలుపుకోవడం రాదు. ఏదో ఒకరోజు తల్లి రావడం మానేస్తుంది. మన రిజిస్టర్లో 'డ్రాపవుట్' అని పడుతుంది. పన్నెండేళ్లు దాటిన కొడుక్కి స్నానం చేయించలేక నడుం పడిపోయిన తల్లులు ప్రతి మండలంలో ఉన్నారు. ఆడపిల్ల అయితే నెలసరి మొదలయ్యాక ఇంటి గడపే దాటించరు.

ప్రాణం మీదకి వచ్చే సంగతులు రెండు చెప్తాను. మొదటిది ఫిట్స్. మా పిల్లల్లో చాలామందికి వస్తాయి. ఇప్పటికీ ఊళ్లలో తాళంచెవుల గుత్తి చేతిలో పెడతారు, పళ్ల మధ్య చెంచా పెడతారు. ఊరివాళ్లని అనేదేముంది, డిప్లొమా చేతిలో ఉన్న టీచరు కూడా తాళాల కోసం వెతకడం నేను కళ్లారా చూశాను. పిల్లవాడిని పక్కకి తిప్పాలి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, గట్టిగా అదిమి పట్టుకోకూడదు, టైం చూసుకోవాలి, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. ఇది పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా ఉంటే చాలదు. నేల మీద ఒకరిని పడుకోబెట్టి ప్రతి ట్రైనీ చేత చేయించాలి.

రెండోది అన్నం తినిపించడం. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల ఒంటి కదలికల మీద అదుపు లేకపోవడం) ఉన్న పిల్లవాడిని ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి గుజ్జన్నం పెట్టేస్తారు ఇళ్లలో. మెతుకు, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, మాటిమాటికీ దగ్గు, జ్వరం, న్యుమోనియా. 'వీడికి నెమ్ము ఎక్కువ' అనుకుంటారు. నిటారుగా కూర్చోబెట్టి, మెడ వెనక్కి వాలిపోకుండా కాస్త ముందుకు ఉంచి, చిన్న చెంచాతో, మింగాక మళ్లీ పెట్టాలని చూపించాల్సింది హోమ్ విజిట్‌కి వెళ్లిన మేమే. ట్రైనింగ్‌లో ఒక్క పిల్లవాడికైనా అన్నం తినిపించకుండా బయటికి వచ్చినవాళ్లు ఆ తల్లికి ఏం చూపిస్తారు?

ప్రవర్తన సంగతీ అంతే. పలక ఇవ్వగానే చెయ్యి కొరుక్కునే పిల్లవాడికి బిస్కెట్ ఇచ్చి ఊరుకోబెడితే, పలక తప్పించుకోవడానికి, బిస్కెట్ దొరకడానికి చెయ్యి కొరుక్కోవాలని మనమే వాడికి నేర్పినట్టు. ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత వాడికేం దొరికింది, ఈ మూడూ వారం రోజులు రాసి చూస్తే దారి దొరుకుతుంది. పుస్తకంలో అరపేజీ ఉంది ఇది. చేసి చూపించినవాళ్లు లేరు.

మేం అడిగేది: ప్రతి ట్రైనీకి కనీసం ఇద్దరు పిల్లల్ని ఏడాది పొడవునా అప్పగించండి. మార్కులు రికార్డుకి వద్దు, ఆ పిల్లవాడికి కొత్తగా వచ్చిన పనులకి, తల్లి చెప్పిన మాటకి వేయండి. చివరి ప్రాక్టికల్ పరీక్ష బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ముందు, ట్రైనీ ఎప్పుడూ చూడని పిల్లవాడితో జరగాలి. పిల్లలు చాలని కళాశాలకి సీట్లు తగ్గించండి. మండలానికో భవిత సెంటర్ పెట్టుకుని, కళాశాలకి పిల్లలు దొరకట్లేదంటే ఎవరు నమ్ముతారు, ట్రైనీలని మా దగ్గరికి పంపండి.

2. చదివేది ఒక్క వైకల్యం, గుమ్మంలోకి వచ్చేవి అన్నీ.

1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 ఉన్నాయి. శిక్షణ మాత్రం ఇంకా ఏ గదికి ఆ గదే: బుద్ధిమాంద్యం డిప్లొమా వేరు, వినికిడి లోపం వేరు, చూపు లోపం వేరు. ప్రత్యేక పాఠశాలలకి అది సరిపోయేది, అక్కడ ఒకే రకం పిల్లలు ఉంటారు కాబట్టి. మండలంలో అలా కాదు. నా గదిలోకి డౌన్ సిండ్రోమ్ పాప వస్తుంది, వెనకే పూర్తిగా చూపులేని అబ్బాయి, ఆ వెనక వినపడని ఇద్దరు అక్కాచెల్లెళ్లు. నాకు బ్రెయిలీ పలక పట్టుకోవడం ఎవరూ నేర్పలేదు, సైగల భాష వర్ణమాల యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్నాను. ఆ అక్కాచెల్లెళ్లు నన్ను చూసి నవ్వుతారు, నా సైగలు అంత అధ్వానంగా ఉంటాయి.

నవ్వుతో పోయే సంగతి కాదు ఇది. ఆరోగ్యశ్రీ (ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కింద వినపడని చిన్నపిల్లలకి చెవి లోపల వినికిడి మెషిన్ అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్లు ఉచితంగా చేస్తున్నారు, లక్షల ఖరీదు చేసే ఆపరేషన్. చాలా గొప్ప పని. కానీ ఆపరేషన్ అయిన రోజు పిల్లకి శబ్దం మాత్రమే వినపడుతుంది, ఆ శబ్దాన్ని మాటగా అర్థం చేసుకోవడం నేర్పడానికి నెలలూ ఏళ్లూ కూర్చోవాలి. థెరపీ ఉన్నది పట్నంలో. ఊళ్లో ఆ పని తెలిసిన మనిషి లేక, బ్యాటరీ అయిపోయి, తీగ తెగి, ఆ మెషిన్ బీరువాలో పడి ఉన్న ఇళ్లకి నేను వెళ్లాను. ప్రభుత్వం పెట్టిన లక్షలు, ఆ పిల్ల మాట, రెండూ ఆ బీరువాలోనే ఉన్నాయి.

కాబట్టి మండలంలో పనిచేసే ప్రతి ఒక్కరికీ, పాతవాళ్లకీ కొత్తవాళ్లకీ, తాము చదవని వైకల్యాల్లో కొన్ని వారాల చేతిపని శిక్షణ ఇవ్వాలి, వేసవి సెలవుల్లో, జీతంతో. సికింద్రాబాద్‌లో వినికిడి లోపాల జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, నెల్లూరులో అన్ని రకాల వైకల్యాలకీ కలిపి కాంపోజిట్ రీజనల్ సెంటర్ ఉంది. జూమ్‌లో పెట్టి, కెమెరా ఆపుకుని, చివర్లో సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకునే రకం ట్రైనింగ్ మాత్రం దయచేసి వద్దు. పునరావాస మండలి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ట్రైనింగ్ పాయింట్లు కావాలి కాబట్టి అందరం అలాంటివాటికి హాజరవుతున్నాం, అందులో నేర్చుకుంటున్నది ఏమీ లేదని మీకూ తెలుసు, మాకూ తెలుసు.

3. తెలుగులో పుస్తకాలు కావాలి.

ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివిన పల్లెటూరి అమ్మాయిలే ఈ కోర్సులో ఎక్కువ. మంచి పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి, తెలుగులో దొరికేవి గైడ్లు. బట్టీ కొట్టి పాసవుతారు. తర్వాత తల్లికి చెప్పాల్సి వచ్చినప్పుడు 'మీ బాబుకి ఫైన్ మోటార్ ప్రాబ్లమ్ అమ్మా' అంటారు, ఆమె తలూపి వెళ్లిపోతుంది. రెండు రాష్ట్రాలకీ భాష ఒకటే, ఖర్చు సగం సగం పడుతుంది, అనుభవం ఉన్న టీచర్లని, ఫిజియోథెరపిస్టులని, తల్లుల్ని కూర్చోబెట్టి రాయించండి. ఇంతకన్నా ఇందులో చెప్పడానికేం లేదు.

4. డబ్బు సంగతి.

దీని గురించి మాట్లాడితే 'సేవాభావం లేదా' అంటారు. ఉంది. అద్దె కట్టడానికి అది చాలదు. కోర్సులో ఫీజు, హాస్టలు, ప్రాక్టీసు స్కూలుకి బస్సు ఖర్చులు, రికార్డుల ఖర్చు, అన్నీ తల్లిదండ్రులవే. హౌస్ సర్జన్లకి స్టైపెండ్ ఉంది, ఐటీఐ చేసి అప్రెంటిస్‌గా చేరినవాళ్లకీ ఉంది. మలవిసర్జన మీద అదుపు లేని పిల్లవాడిని శుభ్రం చేసి నేర్పే ట్రైనీకి పైసా లేదు. దాంతో నిజంగా ఇష్టం ఉన్న పేదింటి పిల్లలు మధ్యలో మానేస్తున్నారు. ఎలాగోలా పూర్తిచేసినవాళ్లలో చురుకైనవాళ్లు హైదరాబాద్, బెంగళూరు ప్రైవేటు థెరపీ సెంటర్లకి వెళ్లిపోతున్నారు. వాళ్లని తప్పుపట్టను, ఏళ్ల తరబడి కాంట్రాక్టులో ఉంటే ఎవరైనా అదే చేస్తారు. కానీ థెరపీ ఇప్పుడు గంటకింత అని కొనుక్కునేవాళ్ల సరుకైపోయింది. కనిగిరి పక్క పల్లెలోని ఆటిజం పిల్లవాడికి అందేది మేమే, మాకు అందింది ఆ కాగితం ప్రాక్టికల్సే.

ఆయాల్ని అయితే లెక్కలోకే తీసుకోరు. పిల్లల్ని ఎత్తేది, కడిగేది, తినిపించేది వాళ్లు. కాళ్లు బిగుసుకుపోయిన పిల్లవాడిని ఎలా ఎత్తాలో వాళ్లకి ఎవరూ చూపించలేదు. చంకల్లో చేతులేసి లాగేస్తారు, పిల్లవాడికీ నొప్పి, వాళ్లకీ నడుం నొప్పి. సంరక్షకుల కోసం సర్టిఫికెట్ కోర్సు అని ఒకటి పునరావాస మండలి జాబితాలో ఉంది. ఆయాలుగా ఉన్నవాళ్లని ప్రభుత్వ ఖర్చుతో అందులో చేర్పించి, పూర్తయ్యాక జీతం పెంచితే పోయేదేముంది?

మేం అడిగేది: ప్రాక్టీసు కాలానికి ట్రైనీలకి నెలనెలా స్టైపెండ్, దూరం నుంచి వచ్చే ఆడపిల్లలకి హాస్టల్. ఏళ్ల తరబడి భవిత సెంటర్లలో పనిచేస్తున్నవాళ్ల అనుభవానికి నియామకాల్లో విలువ ఇవ్వండి. నాకు ఇందులో స్వార్థం ఉంది, దాచను.

5. మానసిక జబ్బులున్నవాళ్లకి తోడుండే మనుషులే లేరు.

ఇది నా గదికి బయటి సంగతిలా కనిపిస్తుంది. కాదు. హోమ్ విజిట్‌కి వెళ్తే, మా పిల్లవాడి మేనమామో పిన్నో వెనక గదిలో ఉంటారు. 'ఆయన సంగతి వదిలెయ్యండి మేడమ్' అంటారు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది, జబ్బుని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందట్లేదని తేలింది. మానసిక జబ్బులకి పెద్దాసుపత్రులంటే ఇటు విశాఖ, అటు హైదరాబాద్ ఎర్రగడ్డ. అక్కడ డాక్టరు మందులు రాస్తారు, మనిషి తేరుకుని ఇంటికొస్తాడు. అసలు కథ అప్పుడు మొదలవుతుంది. చేతులు వణుకుతాయి, నిద్ర ముంచుకొస్తుంది, పొలం పనికి వెళ్లలేడు, 'బాగానే ఉన్నాడుగా, ఇంకెందుకు ఆ బిళ్లలు' అని ఇంట్లోవాళ్లే ఆపేస్తారు. కొన్ని వారాలకి మళ్లీ మొదటికి వస్తుంది. ఈసారి భూతవైద్యుడు, గుడి దగ్గర నిద్రలు. ఆ మధ్యలో ఇంటికి వెళ్లి, వణుకు మందువల్లే, డాక్టరుకి చెప్తే డోసు మారుస్తాడు అని ఒక్క ముక్క చెప్పే మనిషి ఉంటే చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది. ఆ మనిషిని తయారుచేయడం ఎవరి పని?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ ప్రకారం మానసిక జబ్బున్న మనిషిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టేయకూడదు. 2001 ఆగస్టులో తమిళనాడు ఏర్వాడిలో పాకకి నిప్పంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది చనిపోయారు, అది దేశమంతా తెలిసిన విషాదం. ఇప్పుడు మన పట్టణాల్లో 'డీ-అడిక్షన్', 'రిహాబిలిటేషన్' బోర్డులు ఎన్ని వెలిశాయో చూడండి. లోపల రాత్రిపూట ఉండే అటెండర్లకి ఏం శిక్షణ ఉంది? కేకలేస్తున్న మనిషితో గొంతు తగ్గించి మాట్లాడటం, చుట్టూ ఉన్నవాళ్లని దూరం పంపడం, తలుపు దారి మూసేయకుండా నిలబడటం, ఇవి నేర్పితే వస్తాయి. నేర్పకపోతే వచ్చేది కర్ర.

ఇంకోటి. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లకి కూడా డిప్రెషన్ వస్తుంది, ఇతర మానసిక జబ్బులూ వస్తాయి. అప్పటిదాకా నవ్వుతూ ఉన్న పిల్ల అన్నం మానేసి మూల కూర్చుంటే 'దాని తీరే అంత' అనేస్తాం. మా డిప్లొమాలో దీని గురించి చదివింది చాలా తక్కువ.

మేం అడిగేది మూడు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్ పోస్టులు ఖాళీ ఉంచకండి. ప్రైవేటు కేంద్రాల్లో పనిచేసే ప్రతి అటెండరుకీ శిక్షణ తప్పనిసరి చేసి, లేకపోతే లైసెన్సు ఆపండి. మాకూ, ఆశా కార్యకర్తలకీ కలిపి మండల స్థాయిలో శిక్షణ పెట్టండి. మానసిక సమస్యలకి ఫోన్లో సాయం చేసే టెలీ మానస్ నంబరు 14416 అని గోడ మీద రాస్తే సగం పనే. ఫోన్ చేయలేని మనిషి ఇంటికి వెళ్లడం మిగతా సగం.

6. మాకు నేర్పేవాళ్లలో వైకల్యం ఉన్నవాళ్లు ఎంతమంది?

నా రెండేళ్ల కోర్సులో వైకల్యం ఉన్న లెక్చరర్ ఒక్కరూ లేరు. సైగల భాష నేర్పడానికి వినపడనివాళ్ల కోసమే ఒక డిప్లొమా ఉంది. అది చేసినవాళ్లని మన కళాశాలల్లో తీసుకోండి. నడవలేని మనిషి, మందులు వాడుతూ ఉద్యోగం చేసుకుంటున్న మనిషి, ఆటిజం పిల్లవాడిని పెంచిన తల్లి వచ్చి గంట మాట్లాడితే ట్రైనీల చూపే మారుతుంది. గెస్ట్ లెక్చర్‌లా ఏడాదికోసారి కాదు, జీతమిచ్చి.

మీరు చెప్పబోయే జవాబులు కూడా నాకు తెలుసు. ప్రాక్టికల్స్ కఠినం చేస్తే సీట్లు మిగిలిపోతాయి, అసలే మనుషులు చాలట్లేదు అంటారు. మనుషులు చాలని మాట నిజమే. 2011 జనాభా లెక్కల్లోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షల మందికి పైగా వైకల్యం ఉన్నవాళ్లు తేలారు, అప్పటికి ఏడెనిమిది రకాలే లెక్కపెట్టారు. కానీ పని రాని మనిషిని పోస్టులో కూర్చోబెట్టడం ఖాళీ కన్నా మేలేం కాదు. పోస్టు ఖాళీగా ఉంటే తల్లి అడుగుతుంది, టీచరు ఉండి కూడా మూడేళ్లలో ఏమీ రాకపోతే 'నా బిడ్డకి ఇంక రాదు' అని తనే తీర్మానించేసుకుంటుంది. రెండోది మరీ అన్యాయం.

నిధులు లేవంటారు. ఆంధ్రలో దివ్యాంగుల పింఛను 6,000 చేశారు, పూర్తిగా మంచాన పడినవాళ్లకి 15,000 ఇస్తున్నారు. తెలంగాణలో 4,016 ఇస్తున్నారు. ఆ డబ్బు ఇళ్లలో ఎంత ఆసరాగా ఉందో రోజూ చూస్తున్నదాన్ని, ఒక్క రూపాయి తగ్గించమని అనను. అయితే వైకల్యం ఎంతో తేల్చే సదరం సర్టిఫికెట్ వచ్చి పింఛను మొదలవగానే మన బాధ్యత తీరిందన్న భావన మీ దగ్గరా ఉంది, ఇళ్లలోనూ ఉంది. సమయానికి సరైన చేతులు పడితే తన పని తాను చేసుకోగలిగే పిల్లవాడు ముప్పై ఏళ్లకి మంచాన పడితే, ఆ ఖర్చూ మీ బడ్జెట్‌లోనే వస్తుంది.

వచ్చే విద్యాసంవత్సరం అడ్మిషన్ల నోటిఫికేషన్ రాకముందే ఈ ఆరింటిలో వేటిని ఒప్పుకుంటారో, వేటిని ఒప్పుకోరో, ఎందుకో రాతపూర్వకంగా చెప్పండి. ఒప్పుకోని వాటికి కారణం చెప్తే వాదించడానికైనా వీలుంటుంది. కళాశాలల తనిఖీకి వెళ్లే బృందంలో ఒక తల్లినో తండ్రినో, మండలంలో పనిచేసే ఒక స్పెషల్ ఎడ్యుకేటర్‌నో తప్పకుండా చేర్చండి. ముందుగా చెప్పి వెళ్లకండి. వెళ్లాక రికార్డులు పక్కనపెట్టి, ఒక ట్రైనీని పిలిచి, అక్కడున్న ఏ పిల్లవాడికైనా చెప్పులు వేసుకోవడం నేర్పమని అడగండి. పావుగంట చాలు.

ఈ లేఖ చదివిన తల్లిదండ్రులకి ఒక మాట: మీ పిల్లవాడి విద్యా ప్రణాళిక కాపీ అడగండి, ఇవ్వాల్సిందే. మూడు నెలలకోసారి ఏం వచ్చిందో, ఏం రాలేదో అడగండి. నన్నైనా సరే అడగండి.

ఇట్లు,
ఒక భవిత సెంటర్ స్పెషల్ ఎడ్యుకేటర్,
ఉమ్మడి ప్రకాశం జిల్లా